కాలు దించి కూర్చున్న తార

పొద్దున తుర్కపల్లిలో నేను పనిచేసే ల్యాబ్‌కి వెళ్లే క్యాబ్ కోసం గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. మా ఇంట్లో పనిచేసే యాదమ్మ షెల్ఫు తుడుస్తూ, నేను మొన్న కొన్న జానెడు కంచు తార బొమ్మ దగ్గర ఆగిపోయింది. బౌద్ధుల దేవత. ఒక కాలు మడిచి, ఇంకోటి పీఠం కిందికి దించి కూర్చుంటుంది.

"గీ అమ్మ లేశి పోయేటట్టున్నది. గిసోంటి లచ్చిమిని వాకిలి దిక్కు పెడ్తరా అమ్మా?" అంటూ బొమ్మను గోడవైపు తిప్పేసింది.

"లక్ష్మి కాదు యాదమ్మా! ఎవరు పిలిచినా వెంటనే లేచి వెళ్లడానికి అలా కూర్చుంటుంది," అన్నాను విసుగ్గా.

"ఎవలు పిలిస్తే గాళ్ల కాడికి ఉర్కుడేనా? మరి గామె నిమ్మలంగ ఎప్పుడు కూసుంటది?"

అంతలో క్యాబ్ హారన్ వినిపించింది. చూసుకుంటే నా ఒక కాలు కుర్చీలో మడిచి ఉంది, రెండోది అప్పటికే చెప్పులో ఉంది.

సాయంత్రం వచ్చేసరికి తార ఇంకా గోడనే చూస్తోంది. తిప్పబోయి, ఉండనీలే అని వదిలేశాను. ఇది రాస్తుంటే ల్యాబ్ నుంచి మూడోసారి ఫోన్ మోగుతోంది. మీలో ఎవరైనా వచ్చి నన్ను కూడా కాసేపు గోడవైపు తిప్పి వెళ్తారా?