లొరీన్‌కి దక్కిన బంతి

మెస్కీట్ ఫ్లాట్ బడి వంటగదిలో మాంసం, బీన్స్ కలిపి చిల్లీ వండే లొరీన్ హ్రుస్కా ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ బడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి స్కోరు పుస్తకం రాస్తోంది. పెన్నుతోనే రాస్తుంది. పెన్సిల్ పట్టినవాడు తప్పుకి ముందే సిద్ధపడ్డాడని ఆమె నమ్మకం.

సీజన్ చివరి వారం. జిల్లా నుంచి ప్లేఆఫ్‌కి వెళ్లేది రెండే జట్లు. పోటీలో మూడున్నాయి: తమది, డన్‌లీవీ, కోర్లీ. గురువారం కోచ్ ప్రూయిట్ వంటగదిలోకి తొంగిచూశాడు.

"లొరీనమ్మా, రేపు డన్‌లీవీ మీద ఓడినా మనకి దారేమైనా ఉందా?"

ఆమె బీన్స్ పెట్టె అట్ట చించి లెక్క వేసింది. ఓడితే గెలుపుల్లో మూడు జట్లూ సమానం. అప్పుడు ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఆడిన ఆటల్లో పాయింట్ల తేడా చూస్తారు. ఓటమి మూడు పాయింట్లకి తగ్గకుండా, పదికి మించకుండా ఉంటే తామూ, డన్‌లీవీ వాళ్లూ పైకి, కోర్లీ ఇంటికి.

"మీ బుర్ర బంగారం!" అన్నాడు ప్రూయిట్. ఆ పూటంతా ఆమె గరిట హుషారుగా తిరిగింది.

శుక్రవారం మూడో క్వార్టర్‌లో డన్‌లీవీ ఏడు పాయింట్లు ముందుకెళ్లింది. అదే లెక్క వేసుకొచ్చిన వాళ్ల కోచ్ ఇటు చూసి టోపీ ఎత్తాడు. ప్రూయిట్ కూడా ఎత్తాడు. ఆట అక్కడితో చచ్చింది. ఇక బంతి అందుకోవడం, పరిగెత్తకుండా మోకాలు నేలకానించి ఆ వంతు ముగించడం, గడియారం కరిగేదాకా నిలబడటం. నాలుగుసార్లయ్యాక బంతి అవతలివాళ్లకి. వాళ్లదీ అదే తంతు.

"ఏంటమ్మా ఇది, ఫుట్‌బాలా, ప్రార్థనా?" మైకు మూసి అడిగాడు, మెట్ల పైనున్న గదిలో ఆమె పక్కన కూర్చున్న వెండెల్. ఆటకి వ్యాఖ్యానం అతనిదే.

లొరీన్ పుస్తకంలో "మోకాలు" అని రాస్తూ పోయింది. పంతొమ్మిదిసార్లు. ముందురోజే తమ ఆట ముగించుకున్న కోర్లీ వాళ్లు ఎదురు మెట్ల మీద కూర్చున్నారు. ఆ జట్టు పిల్లల తల్లులు ఒక్కొక్కరే లేచి, ఒక్క మాట అనకుండా, మైదానానికి వీపు తిప్పి నిలబడ్డారు.

ఆట అయ్యాక జట్టుకి ఎక్కువ మేలు చేసినవాళ్లకి బంతి ఇవ్వడం ఆనవాయితీ. ఆమె కిందికి దిగగానే ప్రూయిట్ బంతి పైకెత్తాడు.

"ఈ వారం ఇది లొరీనమ్మది!"

ఆటగాళ్లు నేలచూపులతో చప్పట్లు కొట్టారు. ఒక్కడి చొక్కాకీ సరిగా మట్టి అంటలేదు.

"దారి అడిగావు, చెప్పాను. నేలమీద పాకమన్నానా?"

"లెక్క మీదేగా అమ్మా!"

"నాదే. అందుకే వాంతొస్తోంది."

ఆమె బంతి తీసుకుని తినుబండారాల బడ్డీ దాకా నడిచి, జున్ను అంటిన కాగితపు పళ్లేల మధ్య చెత్తపీపాలో పడేసింది. ప్రూయిట్ వెంటపడ్డాడు.

"మరి వచ్చే శుక్రవారం పుస్తకం?"

లొరీన్ పెన్ను తీసి అతని జేబులో గుచ్చింది.

"మోకాళ్లేగా, నువ్వే లెక్కపెట్టుకో."