గుడ్ల అడుగున పెన్సిల్ గుర్తు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ముప్పై ఏళ్ళు ఆస్పత్రి ల్యాబులో పనిచేసినవాణ్ణి. కళ్ళతో చూసింది, కొలిచి రాసుకున్నది తప్ప దేన్నీ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే, రాయకపోతే రెండోసారి దాచినట్టవుతుందనే.

ఎనభైల చివర్లో అడిలైడ్‌లో ఉండేవాళ్ళం. మా ల్యాబులోనే పనిచేసే ప్రభుదాస్ నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఒంగోలు మనిషి, ఆదివారం చర్చి తప్పడు. నేను దాసన్నా అనేవాణ్ణి. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, పాములు. పర్మిట్ తీసుకుని మా పెరట్లో షెడ్డులో వోమాలను పెంచేవాళ్ళం. వోమా అంటే అక్కడి ఎడారి కొండచిలువ, విషం ఉండదు. మా ఆవిడ ఆ షెడ్డు వైపు తలతిప్పి కూడా చూసేది కాదు.

సెలవు దొరికితే జీపు వేసుకుని ఉత్తరాన ఎడారికి పోయేవాళ్ళం. పొద్దున్నే ఇసుక మీద పాము జాడ పట్టుకుని నడవడం, కనిపిస్తే కొలతలు రాసుకుని వదిలెయ్యడం. ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదన్నది అన్న పెట్టిన రూలే.

కోడి తన గుడ్లను తిప్పుతూ పొదుగుతుంది. పాము గుడ్డు అలా కాదు. పెట్టినప్పుడు ఎటున్నది అటే ఉండాలి, తరవాత తిరగబడితే లోపల పిల్ల చచ్చిపోతుంది. అందుకని తడిపిన రవ్వలాంటి పొడి పోసిన పెట్టెలోకి మార్చేముందు ప్రతి గుడ్డుకీ పైవైపున పెన్సిల్‌తో గుర్తు పెడతారు. అందరూ చుక్క పెడతారు. అన్న మాత్రం చిన్న శిలువ గీసేవాడు. ఎడమచేతివాటం, నిలువు గీత కొస కాస్త పక్కకి వంగేది. దానికోసం ఒక వడ్రంగి పెన్సిల్ ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది.

మొదటిసారి మా వోమా ఏడు గుడ్లు పెట్టింది. అన్నే గుర్తులు పెట్టి పెట్టెలోకి మార్చాడు. నెల దాటాక ఒక మధ్యాహ్నం నేనొక్కణ్ణే షెడ్డులో ఉండి, నీళ్ళు చల్లబోతూ పెట్టె జారవిడిచాను. ఒకదానికొకటి అంటుకున్న గుడ్ల ముద్ద మొత్తం నేలమీద బోర్లా పడింది. గబగబా తిప్పి, శిలువలు పైకొచ్చేట్టు సర్ది, మూత పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఏడూ కుళ్ళిపోయాయి.

మాలా పాములు పెంచేవాళ్ళ క్లబ్బు మీటింగులో ఏమైందని అడిగారు. మార్చింది దాసే, అతని చేతిలోనే తిరగబడి ఉంటాయి అన్నాను. అందరి ముందూ, అతని ముందే. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఒకాయన, శిలువ గీస్తే సరిపోదు మేట్, అని నవ్వాడు. అన్న తను తాగిన కప్పు కడిగిపెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరవాత క్లబ్బులో ఎవరూ అతని చేతికి గుడ్లు ఇవ్వలేదు.

రెండు వారాలకి ఫోన్ చేశాడు. “లాంగ్ వీకెండ్ కదా, నార్త్‌కి డ్రైవ్ చేద్దాం రా తమ్ముడూ. దారిలో మాట్లాడుకుందాం.”

డ్యూటీ ఉందన్నాను. డ్యూటీ లేదు, గాడిదగుడ్డు లేదు. అతని పక్కన కూర్చునే మొహం లేదు, అంతే.

తన రూలు తనే తప్పి ఒక్కడే వెళ్ళాడు. జీపు ఇసుకలో దిగబడింది. జీపు వదిలి నడిచాడు. నాలుగో రోజు దొరికాడు. అలా దిగబడిన జీపుని మేమిద్దరం ఎన్నిసార్లు తోసి బయటికి తియ్యలేదు! అంత్యక్రియల్లో శవపెట్టెకి భుజం కూడా పట్టాను నేను. సిగ్గు లేకపోతే సరి.

మరుసటి ఏడు అదే పాము మళ్ళీ గుడ్లకొచ్చింది. షెడ్డు తాళంచెవి నా ఒక్కడి దగ్గరే. సాయంత్రం ఆరింటికి చూస్తే గుడ్లు లేవు. పొద్దున ఏడింటికి తాళం తీస్తే గుడ్లని చుట్టుకుని పడుకుని ఉంది. మెల్లిగా చుట్టలు విప్పి పక్కకి తీశాను. మళ్ళీ ఏడే. పైన చుక్కలు పెట్టి, ముద్దని రెండు చేతులా ఎత్తినప్పుడు అడుగు కనిపించింది.

అడుగున ప్రతి గుడ్డుకీ శిలువ ఉంది. నిలువు గీత కొస పక్కకి వంగి ఉంది. వేలితో రుద్దితే నల్లగా అంటింది. పెన్సిలే.

కారణాలు వెతికాను. పాత గుడ్లు కావు, వాటిని నా చేతులతోనే పాతిపెట్టాను. తాళం కదల్లేదు. ఎవరైనా వచ్చారే అనుకున్నా, తల్లి కింద నుంచి గుడ్లు తీసి, అడుగున గీసి, మళ్ళీ దాని చుట్టల్లో పెట్టడం ఎవరి తరం? పైగా శిలువ కిందికి ఉంటే గుడ్లు తిరగబడ్డాయని అర్థం. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదనే అప్పటిదాకా అనుకున్నాను.

రెండు నెలలకి ఏడూ పిల్లలయ్యాయి. ఖాళీ పెంకు ఒకటి తీసుకుని అన్న భార్య సుగుణ వదిన దగ్గరికి వెళ్ళాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని పెట్టె జారిన దగ్గర్నుంచి మొత్తం చెప్పి, పెంకు ముందు పెట్టాను. ఆమె గుర్తుని చూసింది. లోపలికి వెళ్ళి, పోలీసులు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి తెచ్చింది. వాచీ, కళ్ళద్దాలు, వడ్రంగి పెన్సిల్. సీలు తియ్యనే లేదు.

“ఆయనకి తెలుసు,” అంది. “నువ్వు పెట్టె పడేసిన మర్నాడు షెడ్డు ఊడ్చింది ఆయనేగా. బల్ల కింద పెట్టెలోని పొడి దొరికిందన్నారు. దారిలో వాడే చెప్తాడులే అని నిన్ను రమ్మన్నారు.”

ఆ తరవాత టీ కూడా అడగలేదు. నేనూ ఎక్కువసేపు ఉండలేదు.

పాములన్నీ క్లబ్బుకి ఇచ్చేశాను. పెంకు నా డ్రాయర్లోనే ఉంది. ఆ శిలువ ఎవరు గీశారంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నా దగ్గర జవాబు లేదు, ఇక దొరుకుతుందని కూడా అనుకోను. ఆ ఎడారి దారి ఆరువందల కిలోమీటర్లు. అతని పక్క సీట్లో కూర్చుని ఉంటే, చెప్పడానికి నాకు రోజంతా ఉండేది.