రమణమ్మ చేతి పని రమణమ్మకే

ఆ రోజు పొద్దున రొట్టె ఒక పక్క మందంగా, ఇంకో పక్క చిరిగిపోయి వచ్చింది. జమ్మలమడుగులో మాది జొన్నరొట్టెల అంగడి. నా భార్య రమణమ్మ రొట్టెలు తడుతుంది, నేను గిరాకీ చూసుకుంటాను. ఆమె చేతిలో రొట్టె చిరగడం నేనెప్పుడూ చూడలేదు. "ఏందిమే?" అన్నాను. ఏదో చెప్పబోయింది, మాట ముద్దగా వచ్చింది. కుడిచెయ్యి పీట మీదే ఉండిపోయింది.

వెంటనే ప్రొద్దుటూరు తీసుకుపోయాను. సీటీ స్కాన్, తర్వాత ఎమ్మారై. స్ట్రోక్ అన్నారు. ప్రాణం నిలబడింది, వారంలో మాట తిరిగింది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. డిశ్చార్జి రోజు డాక్టరమ్మ ఫిజియోథెరపీ రాసిచ్చి, "ఆ చేత్తో పనులు చేయించప్పా" అంది. తల ఊపాను గానీ చెవికెక్కించుకోలేదు.

ఇంటికొచ్చాక ఆమెను కాలు కింద పెట్టనీయలేదు. అన్నం కలిపి తినిపించాను, తల దువ్వాను. చుట్టాలు మెచ్చుకుంటుంటే పొంగిపోయాను కూడా. రొట్టెలు తట్టడం సైతం నేర్చుకున్నాను. రమణమ్మ మూలన కూర్చుని చూసేది. రానురాను నాతో మాట్లాడడమే మానేసింది.

రెండు నెలలకు చెకప్‌కు పోతే డాక్టరమ్మ బిగుసుకుపోయిన ఆ వేళ్లు పట్టుకుని చూసింది.

"ఇంట్లో ఈ చేత్తో ఏం చేస్తాంది?"

"ఏమీ చేయనీయను మేడం. అన్నీ నేనే చేస్తాండా."

"అదే తప్పప్పా. మెదడులో చచ్చిపోయిన నరాల కణాలు మళ్లీ రావు. మిగిలినవే కొత్త కనెక్షన్లు పెట్టుకోవాల. దానికి గ్లియల్ సెల్స్ అని వేరే కణాలు పక్కనుండి సాయం చేస్తాయి. వాడే కనెక్షన్ గట్టిపడుతుంది, వాడనిది పోతుంది. నువ్వు వాడనీయకుండా చేస్తాండావు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ప్రేమ అనుకుని ఆమె చెయ్యిని నేనే కట్టేశాను.

మరుసటి రోజు పిండి ముద్ద ఆమె ముందు పెట్టాను. ఎత్తబోతే జారి పడింది. నేను అందుకోబోయాను.

"నువ్వు ముట్టుకోవద్దు మామా," అంది.

ఇన్నాళ్లకు నాతో అన్న ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

రోజూ ఫిజియోథెరపీ, ఆ తర్వాత పిండి. వారాల తరబడి ముక్కలే వచ్చాయి. మధ్యలో భుజం నొప్పి పుట్టి పది రోజులు ఆగిపోయాం. ఐదో నెలలో ఒక రొట్టె చిరగకుండా పెనం మీదికి చేరింది. ఆమె దాన్ని ఎవరికీ అమ్మనీయలేదు, ఇద్దరం తిన్నాం.

ఇప్పుడు రోజుకు ఇరవై దాకా తడుతుంది. చిటికెన వేలు ఇంకా మాట వినదు. గిరాకీ వాళ్లు "అక్క తట్టినవి ఉంటే ఇయ్యప్పా" అంటారు, నాకు కాస్త ఉడుకుమోత్తనమే.

మీ ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉంటే, డాక్టరు ఒప్పుకున్న పనిని వాళ్లనే చేయనీయండి, అడిగేదాకా చెయ్యి వేయకండి. గ్లాసు ఎత్తడానికి పావుగంట పట్టనీయండి. ఆ పావుగంట ఊరికే కూర్చోవడమే నేను చేసిన సేవలన్నిటిలోకీ కష్టమైనది.