విమల వద్దన్నదని చెప్పాను

కొన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మింగుడు పడదు, బయటికీ రాదు. మీరు నాకెవరో తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

చదువులోనో మాటల్లోనో వెనకబడిన పిల్లలను పరీక్షించి, తల్లిదండ్రులకు ఏం చేయాలో చెప్పడం నా పని. ఉండేది ఆత్మకూరులో. మాలాంటి మనస్తత్వ నిపుణులకు ఒక సంఘం ఉంది. అందులో ఈ పడమటి మండలాల కమిటీకి కొత్త కన్వీనరు కావలసి వచ్చింది. జీతం ఉండదు, పెట్రోలు సొంతమే. అయినా ఆ పదవి నాకే కావాలనిపించింది. అందరి నోటా మాత్రం ఉదయగిరిలో ఇదే పని చేసే విమల పేరే. మర్రిపాడు, కొండాపురం తల్లులు కూడా ఆమెనే అడిగేవాళ్లు. నాకంటే చిన్నది. నాకు ఒళ్లు మండేది.

ఆమెకు ఇష్టమో కాదో కనుక్కుని చెప్పే పని నాకే అప్పగించారు. నేను అడగనే లేదు. "అడిగాను, వద్దంది" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరో నమ్మనట్టు చూసేసరికి, "మూడేళ్లు నిండినా వాళ్ల బాబుకు మాటలు రాలేదు, ఆ దిగుల్లో ఉంది పాపం" అని కలిపాను. ఆ బాబును విమల నా దగ్గరికే తీసుకొచ్చింది. తలుపు వేసుకుని, ఎవరికీ చెప్పొద్దని ఏడ్చింది. మా వృత్తిలో అన్నిటికంటే పెద్ద తప్పు అలాంటి మాట బయటపెట్టడం. నేను జాలి పడుతున్నట్టు నటిస్తూ బయటపెట్టాను. అందరూ అయ్యో అన్నారు. నేను కన్వీనరునయ్యాను.

తర్వాతి మీటింగులో పదవి మాట ఎవరూ ఎత్తలేదు గానీ, ఒకరి తర్వాత ఒకరు బాబు గురించి పరామర్శించేసరికి విమల మొహం పాలిపోయింది. బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచింది.

"వీళ్లకెట్టా తెలిసిందక్కా? నీకు తప్ప మా ఇంట్లోవాళ్లకే గదా తెలిసింది."

నేను బ్యాగులో బండి తాళం వెతుకుతున్నట్టు నటించాను.

"మా ఆడబిడ్డే వాగుంటాది. దాని నోట్లో మాట నిలవదు. అంతేనంటావా?"

"ఏమోమ్మా... అయ్యుండొచ్చు" అన్నాను.

విమల పనికి పోతే బాబును చూసుకునేది ఆ ఆడబిడ్డే. ఆమెను ఇక గడప తొక్కొద్దంది. బాబును కనిపెట్టుకునే మనిషి లేక పని మానేసింది, సంఘానికి రావడమూ మానేసింది. పదవి కోసం చెప్పిన అబద్ధం సరే, ఆ రోజు "నేనే" అని ఎందుకు అనలేకపోయాను? భయమా? సిగ్గా? లేక ఆమె నన్ను అనుమానించనందుకు హాయిగా అనిపించిందా? హాయిగానే అనిపించింది. పిల్లల మనసులు తెలుసుకోవడమే పనిగా బతికేదాన్ని, నా మనసు నాకు తెలియదా?

ఈమధ్య ఆత్మకూరు బస్టాండులో కనిపించింది. పక్కన బాబు గలగలా మాట్లాడుతున్నాడు. "అంతా నీ చలవేనక్కా" అని నా చేతులు పట్టుకుంది. ఆడబిడ్డ గురించి అడిగాను. ఇప్పటికీ మాటల్లేవంది. ఇంతలో వాళ్ల బస్సొచ్చింది, ఎక్కేశారు. అప్పుడూ చెప్పలేదు.

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. విమల ముందు ఈ మాట అనగలనో లేదో కూడా తెలియదు. కానీ ఒక్కసారి, ఎవరో ఒకరికి పూర్తిగా చెబితే తప్ప ఊపిరాడేలా లేదు. ఆ ఆడబిడ్డ ఎవరితోనూ ఏమీ అనలేదు. అన్నది నేను.