లక్ష్మీరాజం తోడు బిళ్ళ

లింబాయత్ బస్తీలో ఉండే మగ్గాల కార్మికుడు లక్ష్మీరాజానికి బీపీ బిళ్ళ ఒంటరిగా గొంతు దిగదు. పొద్దున్నే ఒక చేతిలో బిళ్ళ, మరో చేతిలో నీళ్ళ చెంబుతో గల్లీలో బయలుదేరి, బీపీ ఉన్నవాళ్ళ గడప ముందు నిలబడతాడు.

"నీ గోలి తియ్యి. ఇద్దరం కలిసి మింగుదాం."

కరోనా వచ్చి అందరూ తలుపులు మూసుకున్నా ఆయన మానలేదు. మూతికి రుమాలు కట్టుకుని, గల్లీ మధ్య నిలబడి పెళ్ళికి పిలిచినట్టు పిలిచేవాడు. ఒకసారి పెళ్ళిచూపుల ఇంటి ముందు ఆగి, "సంబంధం మాట తర్వాత, ముందు గోలి" అని పిల్లవాడి తండ్రి చేత కూడా మింగించాడు.

"గిదంత ఇంటింట చాయ్ కోసం ఏషాలు" అనేవాడు పక్కింటి రాజలింగం. ఆయన కూతురు సంగీత నవ్వేది.

ఒకసారి మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. రాజలింగానికి పొడి దగ్గు పట్టుకుంది. పరీక్షలో కరోనా లేదని తేలినా, ఆయన దగ్గితే పక్క మగ్గాల వాళ్ళు పారిపోయేవారు. "దగ్గు తగ్గాకే పనికి రా" అన్నాడు మగ్గాల యజమాని సేఠ్. బీపీ బిళ్ళతోనూ దగ్గు వస్తుందని ఎవరో అనగానే, ఇంట్లో చెప్పకుండా, మింగినట్టు నటిస్తూ తన బీపీ మందు మానేశాడు రాజలింగం. కొన్నాళ్ళకు దగ్గు తగ్గింది. తల బరువెక్కింది.

ఒక పొద్దున లక్ష్మీరాజం పిలిస్తే రాజలింగం చెయ్యి నోటిదాకా వెళ్ళింది గానీ గొంతు కదలలేదు. లక్ష్మీరాజం అది కనిపెట్టాడు.

"నోరు తెరువు తమ్మీ."

"నేనేమన్న చిన్నపిలగాన్నా?"

"నువ్వు మింగేదాక నేను మింగ. గంతే."

అంటూ లక్ష్మీరాజం మెట్టు మీద, ఎండలో కూర్చున్నాడు.

"ఇంటికి పో అన్నా!"

"నాకేమన్న ఐతె నీ గడప ముంగటనే ఐత. నా పెండ్లాం బుచ్చవ్వకు నువ్వే జవాబు చెప్పుకో."

మధ్యాహ్నమైనా కదలలేదు. ఇద్దరిలో ఎవరికి ముందు పక్షవాతం వస్తుందోనని సంగీత ఇద్దరినీ బతిమాలింది. చివరికి రాజలింగం తలదించుకుని నిజం చెప్పాడు. సంగీత డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ బిళ్ళ రక్తనాళాలను బిగుసుకోనివ్వదని, సొంతంగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చని ఆయన మందలించాడు. దగ్గు తెప్పించని మందులూ ఉన్నాయి, వెంటనే తండ్రిని తీసుకురమ్మన్నాడు.

సాయంత్రం రాజలింగం కొత్త బిళ్ళ మింగాడు. అప్పుడే లక్ష్మీరాజమూ మింగి లేచాడు.

సంగీత బుచ్చవ్వ దగ్గరికి పరుగెత్తింది. "పెద్దవ్వా, పెద్దబాపు పొద్దటి గోలి ఇప్పుడు ఏస్కున్నడు. జర చూస్కో!"

బుచ్చవ్వ పకపకా నవ్వింది. "ఆయన గోలి పొద్దుగాల్నే నేను మింగిపిస్త బిడ్డా. చేతుల పట్టుకొని తిరిగేది పిప్పరమెంటు."

"మరి గీ తిప్పలెందుకు?"

"ఉత్తగ అడిగితె మింగినమని అబద్ధం చెప్తరు. తోడుగ మింగుదామంటె ఎవ్వరు కాదనరు."

సంగీత ఈ మాట తండ్రికి చెప్పలేదు.

మర్నాడు రాజలింగం నీళ్ళ గ్లాసుతో గడపలో నిలబడి గల్లీ చివరిదాకా చూస్తున్నాడు.

"మీ పెద్దబాపు ఇంకా రాకపాయె ఏందే? పాపం, నేను లేకుంటె ఆయన గోలి మింగడు."