అవ్వ కాలికి చీపురు పుల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో చెప్పుల్లేని మనిషి అవ్వ, అంటే మా నాయనమ్మ, ఒక్కతే. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఎండలు మండిపోతున్నా వట్టి కాళ్లతోనే చేనికి పోయేది. ఎవరు చెప్పినా వినేది కాదు. చివరికి నేను అలిగి ఒక పూట అన్నం మానేస్తే దిగివచ్చింది. "సరే తియ్, కొలత నువ్వే తియ్యాలె బిడ్డా" అంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇక నా గొప్ప చూడాలి!

ఆ రోజుల్లో చెప్పులు కావాలంటే పాదం పొడవుకు చీపురు పుల్ల విరిచి, అది పట్టుకుని మేడ్చల్‌లో వారం వారం జరిగే అంగడికి పోయేవారు. అవ్వ మంచం మీద కూర్చుని కాళ్లు వేలాడేసింది. మడమ నుంచి బొటనవేలి దాకా పుల్ల ఆనించి, విరిచి, మా నాన్నకు, అదే మా బాపుకు, ఇచ్చాను.

తెచ్చిన చెప్పులు వేసుకుని అవ్వ వాకిట్లో నాలుగడుగులు వేసింది. "మంచిగున్నయి బిడ్డా" అంది. నేను ఊరంతా చాటుకుని వచ్చాను. మూడో రోజు సాయంత్రం చేను దారిలో అవ్వ గడ్డిమోపు ఎత్తుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని కుంటుతూ రావడం కనిపించింది. వేళ్ల మీద బొబ్బలు. నాకు ప్రాణం పోయినంత పనైంది. అవ్వ నన్ను చూడకముందే వెనక్కి పరుగెత్తాను. ఇక ఆమె జన్మలో చెప్పులు వేసుకోదని ఒకటే ఏడుపు.

పక్కింటి ముస్లిం పిన్నిని ఖాలా అనేవాళ్లం, ఆమె బట్టలు కుట్టేది. నా ఏడుపు విని పిలిచి, సంగతి తెలుసుకుని, స్టూలు మీద కూర్చోబెట్టి, నా పాదానికి సరిగ్గా ఒక పుల్ల విరిచింది.

"ఇగ నిలబడితే ఎంత పెరుగుతదో అందాజ్ చెయ్యి."

"ఏం పెరగది" అన్నాను ధీమాగా. లేచి నిలబడితే, అమ్మో, బొటనవేలు పుల్ల దాటి ముందుకొచ్చింది! కూర్చుంటే సమానం, నిలబడితే సగం వేలు వెడల్పు ఎక్కువ. నమ్మలేక నాలుగుసార్లు చూసుకున్నాను.

"మరి మీ అవ్వకు?"

"ఆమెకు గూడ సగం వేలు."

అంతలో అవ్వ మోపుతో వాకిట్లోకి వచ్చింది. దారిలో చేత పట్టుకున్న చెప్పులు ఇప్పుడు చక్కగా కాళ్లకే ఉన్నాయి! దించుకోబోతుంటే ఖాలా ఆపింది. "మోపు దించకు అవ్వా. చెప్పులిడిచి ఒక్క నిమిషం గట్లనే నిలబడు."

"ఏందే మీ లొల్లి!" అంటూనే నిలబడింది. బాపు దాచిన పాత పుల్లతో కొలిచాను. నా అంచనా తప్పింది. నిండుగా ఒక వేలు ఎక్కువ.

"గా కాళ్లు ఎన్నడన్న ఉత్తగ నిలబడ్డయా బేటీ? బరువుతోనే కొల్వాలె" అంది ఖాలా.

నేను అవ్వ కాళ్లు పట్టుకుని ఏడ్చాను. "నువ్వు గంత సంబురంగ తెప్పిస్తివి, ఎట్ల చెప్పాలె బిడ్డా" అంది అవ్వ. తర్వాతి అంగడికి బాపు కొత్త పుల్లతో పోయాడు. ఆ జతను అవ్వ అరిగేదాకా వేసుకుంది. ఇరుకు జత నా కోసం దాచింది. నా కాళ్లు ఎదిగాక నేనే వాటిని తొడుక్కున్నాను.

ఇప్పుడు నాగారంలో నా మనవరాలు ఫోన్‌లో బూట్లు చూస్తే, కాగితం మీద నిలబెట్టి కొలుస్తాను. అది నవ్వుతూ స్కూలు బ్యాగు కూడా తగిలించుకుంటుంది. కొలవడం దానికి వచ్చేసింది. నాకు మాత్రం ఆనాటి భయం పోలేదు. ఇంట్లో ఎవరైనా "బాగానే ఉంది" అంటే, ఇప్పటికీ ముందు వాళ్ల కాళ్ల వైపు చూస్తాను.