గుండీల రాయి

ఉప్పు వేసి ఉడకబెట్టిన పల్లికాయ గిన్నె మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి అంటే నాకు భయం. నిన్న సాయంత్రం కూడా ఆ ఉప్పటి వేడి గుప్పున ముఖానికి కొట్టగానే మూత అక్కడే పడేసి, పరుగున వెళ్లి కిటికీ తెరిచాను. "ఏందమ్మా, గిన్నెల పామున్నదా?" అని నా బిడ్డ నవ్వింది. నేనూ నవ్వాను. పామైతే కంటికి కనిపించేది. అరవైకి దగ్గరపడ్డ మనిషికి పల్లికాయ ఆవిరంటే భయమేమిటని మీకూ అనిపిస్తుంది. అది చెప్పాలంటే ఖుర్షీద్ మేడమ్ గురించి చెప్పాలి.

తొంభైల మొదట్లో నేను సిద్దిపేటలో ఒక ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడానికి చేరాను. మాది చిన్నకోడూరు పక్క ఊరు, వ్యవసాయ కుటుంబం. నోటికి, చేతికి తొందర ఎక్కువ. ఖుర్షీద్ మేడమ్ మా విభాగానికి పెద్ద. నలభై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, తల్లిదండ్రులు పోయాక వాళ్లు కట్టిన ఇంట్లో ఒక్కరే ఉండేవారు. నేను చేరిన రోజే ల్యాబులో ఒక నత్తను చేతిలోకి తీసుకుని గబగబా దాని పేరు, జాతి చెప్పేశాను. ఆమె మెచ్చుకుంటారనుకున్నాను. "సుగుణా, సూడకముందుకే పేరు వెట్టినవ్. సాయంత్రం మా ఇంటికి రా" అన్నారు.

ఆ ఇంట్లో తూర్పు కిటికీ పక్కన నాలుగడుగుల గాజు తొట్టి ఉండేది. అందులో ఉన్నది సముద్రం నీళ్లు. మేడమ్ విశాఖలో చదువుకున్నారు. అక్కడి స్నేహితురాలు ఎండుచేపల లారీ మీద నీలం డబ్బాల్లో ఆ నీళ్లు పంపేది. తొట్టి మధ్యలో పిడికెడంత పగడం, ప్రాణమున్నది. అది ఎంత పెరుగుతున్నదో మేడమ్ వారం వారం కొలిచి ఒక పుస్తకంలో రాసేవారు. ఎప్పుడో ఆగిపోయిన పరిశోధనను ఆ కొలతలతోనే పూర్తి చేయాలని ఆమె పట్టుదల. నన్ను తొట్టి ముందు కూర్చోబెట్టి, చేతికి ఒక కాగితమిచ్చి, "గంట సేపు సూడు. సూసింది రాయి, అనుకున్నది రాయకు" అన్నారు. నేను పేజీ నింపాను. ఆమె ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో వాక్యం కొట్టేస్తూ పోయారు. 'పగడం ఆకలితో ఉంది' అని రాసిన చోట ఆగి, "ఆకలి నీకు కనిపిచ్చిందా? ఏ రంగున్నది?" అని అడిగారు. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి. ఈ రోజు వరకు నేను ఏదైనా నమ్మకంగా చెప్పగలిగానంటే ఆ ఎర్ర పెన్సిల్ పుణ్యమే.

తొట్టిలో ఇంకో రాయి ఉండేది. దాని నిండా చొక్కా గుండీలంత గుండ్రటి జీవులు, ఆకుపచ్చవి, అంచుకు కుచ్చుల్లాంటి వేళ్లతో. అవీ పగడం చుట్టాలే. మేడమ్ వాటిని గుండీలనేవారు. మొదట ఇరవై ముప్పై ఉండేవి. రెండేళ్లలో రాయంతా కప్పేసి, గాజు మీదికి పాకి, పగడాన్ని మూడు వైపులా చుట్టుముట్టాయి. అవి తగిలిన చోటల్లా పగడం చచ్చి తెల్లబడుతున్నది. "నాలుగేండ్ల కొలతలు సుగుణా" అంటూ మేడమ్ దిగులుగా చూసేవారు గానీ, ప్రాణమున్న దాన్ని పీకడానికి చేతులాడేవి కావు. 'కలుపు తీయని మడి, దేవుడు లేని గుడి' అని మా అవ్వ అంటుండేది. నేను చాకు తెచ్చి గీకాను. నెల తిరక్కుండా గీకిన చోటే రెండింతలు మొలిచాయి.

అప్పుడు నేనే అన్నాను. ఆ మాట ఎవరో అన్నట్టు చెప్పుకోవాలని ఇన్నేళ్లూ ఎంత ప్రయత్నించినా నా వల్ల కాలేదు.

"మేడమ్, మా శెల్కల గరిక గిట్లనే సతాయిస్తది. పీకితే పోదు, వేరు సావాలె. ఆ రాయిని తీసి ఉడకబెడదాం. మళ్ల మొలిస్తే నన్నడుగుండ్రి."

"గవి ఏందో, వాటి లోపల ఏమున్నదో మనకు పూరా తెల్వదు సుగుణా. కొన్నాళ్లు సూద్దాం."

"సూసుకుంట కూసుంటే పగడం దక్కదు మేడమ్."

ఆమె చాలాసేపు తొట్టి వంక చూసి, "సరే. రైతు బిడ్డవు, కలుపు సంగతి నీకే ఎరుక" అన్నారు. నత్త పేరు చెప్పినందుకు నన్ను గంట కూర్చోబెట్టిన మనిషి, ఆ రోజు నా మాట నమ్మారు.

బయట వాన. జల్లు కొడుతుందని వంటింటి కిటికీలు మూసి ఉన్నాయి. పెద్ద గిన్నెలో రాయి పెట్టి, నీళ్లు పోసి, స్టవ్ వెలిగించింది నేనే. నీళ్లు కాగకముందే ఊరికి చివరి బస్సు వేళైంది. "నువ్వు పో, నేను సూసుకుంట" అన్నారు. వెళ్లిపోయాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించడం కూడా గుర్తుంది.

తెల్లారి కాలేజీకి రాలేదని వెళ్లి చూస్తే మేడమ్ మంచం మీద కూర్చుని గోడకు ఆని ఊపిరి కోసం తన్నుకుంటున్నారు. ఒళ్లు కాలిపోతున్నది, కాళ్లు చేతులు వణుకుతున్నాయి. "నోరంత చేదు సుగుణా, ఇనుము నాకినట్టున్నది" అన్నారు. దవాఖానలో నిమోనియా అన్నారు. రాయి ఉడికించిన గంటకే మొదలైందని ఆమె చెప్తే డాక్టరు ఓపిగ్గా తలాడించి వెళ్లిపోయాడు. వాళ్లనేమనాలి? నేనే నమ్మలేదు. జ్వరంలో ఏదో అంటున్నారనుకున్నాను.

నేను ఆమె మంచం పక్కనే ఉండిపోయాను. అక్కడ ఇంట్లో కరెంటు పోతూ వస్తూ ఉంది, తొట్టికి గాలి పంపు ఆగిపోయింది. వారం తర్వాత వెళ్లి చూసి వచ్చాను. మంచం పక్కన కూర్చోగానే, "సూసింది చెప్పు" అన్నారు.

"పగడం మొత్తం తెల్లగైంది మేడమ్."

"గాజు మీది గుండీలు?"

"తెరుచుకొనే ఉన్నయ్."

ఆమె అటు తిరిగి పడుకున్నారు.

ప్రాణం నిలిచింది గానీ ఊపిరి మళ్లీ సరిగ్గా రాలేదు. పది మాటలు చెప్తే ఆయాసం. పాఠం చెప్పలేని గొంతుతో సెలవులన్నీ అయిపోయాక ఉద్యోగం వదులుకున్నారు. ఒక మధ్యాహ్నం కొలతల పుస్తకం తెమ్మని, చేతులు వణుకుతున్నాయని నన్ను రాయమన్నారు. రాయి ఎంత సేపు ఉడికిందో, కిటికీలు ఎట్లా ఉన్నాయో, ఎన్ని నిమిషాలకు దగ్గు మొదలైందో, నోటి రుచి ఎప్పుడు మారిందో ఒక్కటీ వదలకుండా చెప్పారు. చివర, "రాయి, సుగుణా. గప్పుడు ఇంట్ల నేనొక్కదాన్నే, ఉడకబెట్టుదామని అనుకున్నది నేనే" అన్నారు.

నా కలం ఆగింది. ఆమె కళ్లు మూసుకుని, "నువ్వు గాడ లేకపోవుడే మంచిగైంది. రాయి" అన్నారు. రాశాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ వాక్యం రాస్తుంటే నాకు గుండె తేలికైంది.

ఏడాదిన్నరకు ఆమె పోయారు. పుస్తకం నాకిమ్మని చెప్పి పోయారట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు ఒక పత్రికలో చదివాను, ఆ గుండీల జాతిలో కొన్నింటిలో ఘోరమైన విషం ఉంటుందని, ఉడికిస్తే ఆవిరితో పాటు అది ఊపిరిలోకి పోతుందని. డాక్టర్లకు తెలియనిది, నేను జ్వరం మాటలనుకున్నది, ఆమె మంచంలో పడుకుని తన ఒంటినే చూసి రాయించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజు కూర్చుని ఏడ్చాను. ఎవరికి పనికొచ్చింది ఆ ఏడుపు?

పుస్తకం నా బీరువాలో ఉంది. నాలుగేళ్ల రాతలు, అన్నీ ఆమె కళ్లతో చూసినవే. చివరి వాక్యం ఒక్కటే జరగనిది. ఎర్ర పెన్సిల్ తీసుకుని దాన్ని కొట్టేద్దామని చాలాసార్లు ఆ పేజీ తెరిచాను. చేయి రాలేదు. ఆమె రాయించిన ఒకే ఒక్క అబద్ధం అది, అదీ నా చేతిరాతలో ఉంది.